ద్వీపములకు కావలివాడెవడు?

పఠనమునకు: ఆదికాండము 2:4–15, 4:1–10, ద్వితీయోపదేశకాండము 22:6, 7, యెహెజ్కేలు 34:1–6, లూకా 12:4–7, యోహాను 17:9–12

ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూరు రైల్వే పట్టణమునకు చేరువనున్న మస్తూరీవంటి చోట్ల కాపురముండు తెలుగువారికి తెందు చెట్టు క్రొత్తది కాదు. తెలంగాణ అడవులలో దానినే తునికి చెట్టు అందురు. వేసవి యెండలలో దాని ఆకు కోసి, కట్టలు కట్టి, ఎండబెట్టి బీడీలకు అమ్ముట అనేకమైన పేద కుటుంబములకు జీవనాధారము. ఈ చెట్టు చేవ నల్లనిది, గట్టిది. దీనికి దగ్గరి బంధువైన ఎబొనీ వృక్షము హిందూ మహాసముద్రములోని మారిషస్ ద్వీపమున పెరుగును. వృక్షశాస్త్రజ్ఞులు ఈ రెంటిని ఒకే ప్రజాతిలో చేర్చుదురు.

ఆ ద్వీపములో తునికి చెట్టుకు బంధువులు ఉన్నట్లే తెలుగువారికిని బంధువులున్నారు. నూటయెనుబది సంవత్సరములకు పూర్వము మొదలుకొని గోదావరి, విశాఖ, గంజాము ప్రాంతములనుండి తెలుగు కూలీలు ఓడలెక్కి అక్కడికి పోయిరి. ఆ ద్వీపపు చెట్ల కథ, పక్షుల కథ, మనుష్యుల కథ వేరు వేరు కథలు కావు. మూడింటిలోను ఒకటే ప్రశ్న వినవచ్చుచున్నది. దేవుడు తన సృష్టిని మానవుని చేతికి అప్పగించినప్పుడు వానికి నియమించిన పని యేమి? లేఖనముల వెలుగులో ఆ ప్రశ్నను విచారించుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

1. అగ్నిలోనుండి లేచిన నేల

మడగాస్కరునకు తూర్పున మారిషస్, రీయూనియన్, రోడ్రిగ్స్ అను ద్వీపములు కలవు. పోర్చుగీసు నావికుడైన పెద్రో మస్కరెన్యాస్ పేరునుబట్టి వీటిని మస్కరీన్ ద్వీపసమూహమని పిలుతురు. ఇవి యే ఖండమునుండియు విడిపోయిన ముక్కలు కావు. సముద్రపు అడుగున అగ్నిపర్వతములు బ్రద్దలై, కరిగిన రాయి పొరమీద పొరగా పేరుకొని నీటిపైకి లేచినవి. భూగర్భశాస్త్రజ్ఞుల లెక్క ప్రకారము మారిషస్ వయస్సు సుమారు 80 లక్షల సంవత్సరములు. అక్కడి అగ్నిపర్వతములు చల్లారినవి. రీయూనియన్‌లోని పితోన్ ద లా ఫూర్నేజ్ పర్వతము మాత్రము నేటికిని నిప్పులు క్రక్కుచుండును. సృష్టికర్త స్పర్శకు కొండలు పొగ రాజుకొనుటను గూర్చి 104వ కీర్తనకారుడు పాడెను. అట్టి పొగలోనుండి లేచిన నేలయే ఇది.

ఆ నల్లని రాతి మీదికి జీవము సముద్రము దాటి వచ్చెను. కొన్ని విత్తనములు అలలపై తేలివచ్చెను. కొన్ని పక్షుల కడుపులలో దాగివచ్చెను. గాలివాటున దారితప్పిన పక్షులు అక్కడ వాలెను. నేలపై నడచు క్షీరదములు ఆ దూరము దాటలేకపోయెను. రెక్కలుగల గబ్బిలములు మాత్రమే చేరగలిగెను. తరుము జంతువు లేని చోట పక్షికి భయముండదు. భయము లేని చోట ఎగురవలసిన అవసరమును తగ్గును. ఈలాగున ఒక జాతి పావురము తరతరములుగా నేలపైనే మేయుచు, రెక్కలు చిన్నవై, దేహము పెద్దదై, డోడో అను పక్షి ఆయెను. డోడో అవశేషములలోని డి.ఎన్.ఏ.ను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2002లో ఒక సంగతి తెలిపిరి. నేడు బ్రతికియున్న పక్షులలో దానికి అతి దగ్గరి బంధువు మన నికోబారు దీవులలో నివసించు నికోబారు పావురమే.

పెద్ద మృగములు లేని ఆ ద్వీపములలో పచ్చిక మేసినవి, పండ్లు తిని విత్తనములు విత్తినవి మహా తాబేళ్లు. ఎబొనీ పండును మ్రింగి, దూరముగా పోయి, పేడతో కూడ విత్తనమును నేలకు అప్పగించుట వాటి పని. ఎవరును నేర్పకయే ఒకదాని జీవము మరియొకదానికి ఆధారముగా అమర్చబడెను. అయితే ఈ యమరికకు ఒక బలహీనత కలదు. ద్వీపములోని జీవి పారిపోవుటకు చోటు లేదు. అక్కడ నశించినది మరెక్కడను దొరకదు.

2. ఏలుట యనగా నేమి?

1598లో డచ్చివారు ఈ ద్వీపమున దిగి, తమ రాకుమారుడైన మౌరిట్స్ పేరు దానికి పెట్టిరి. 1638లో అక్కడ నివాసము ఏర్పరచుకొనిరి. వారు ఎబొనీ చెట్లను నరికి ఓడలకెత్తిరి. ఓడలతో కూడ ఎలుకలు వచ్చెను. పందులు, కోతులు, జింకలు తేబడెను. డోడోను వేటాడిన మనుష్యులకంటె దాని గ్రుడ్లను తిన్న ఈ జంతువులే ఎక్కువ కీడు చేసియుండును. చూచినట్లు ఎక్కువమంది అంగీకరించు చివరి సాక్ష్యము 1662 నాటిది. మనుష్యుడు దానిని ఎరిగి నూరేండ్లు నిండకమునుపే ఆ పక్షి భూమిమీద లేకుండ పోయెను. ఓడలలో ఆహారముగా మోసికొనిపోబడిన తాబేళ్లకును క్రమముగా అదే గతి పట్టెను.

తరువాత వచ్చిన ఫ్రెంచివారిలో ఒకనికి కన్నులు తెరువబడెను. పాలనాధికారియైన పియేర్ పువావ్ర్ కాలమున, 1769లో, ప్రతి భూస్వామియు తన భూమిలో నాల్గవ వంతు అడవిగా విడువవలెనని చట్టము చేయబడెను. అడవి పోయిన వానయు పోవునని అతడు గ్రహించెను. కాని చక్కెరకున్న ధర యెదుట ఆ బుద్ధి నిలువలేదు. నేడు ఆ ద్వీపమున మంచి స్థితిలో మిగిలిన సహజారణ్యము నూటికి రెండు వంతులకంటె తక్కువ.

ఇందునుబట్టి కొందరు క్రైస్తవ గ్రంథమునే నిందింతురు. ఆదికాండము 1:28లో దేవుడు మనుష్యునికి జీవరాసులపై ఏలుబడి ఇచ్చెను గదా, ఈ నాశనమునకు అదియే మూలము కాదా అని అడుగుదురు. ఈ ప్రశ్నను త్రోసివేయక, ఆ మాటను పరిశీలింపవలెను. అక్కడ వాడబడిన హెబ్రీ క్రియ ‘రాదా’. ఈ క్రియయే 72వ కీర్తన 8వ వచనములో నీతిగల రాజుయొక్క పరిపాలనకు వాడబడినది. ఆ రాజు దరిద్రుని మొర విని, దిక్కులేనివానిని విడిపించువాడు. యెహెజ్కేలు 34:4లో చెడ్డ కాపరులను గూర్చి మరల ఇదే క్రియ కనబడును. వారు బలహీనమైన గొఱ్ఱెలను బలపరచక, తప్పిపోయినవాటిని వెదకక, బలాత్కారముతో ఏలిరని దేవుడు వారిని తీర్పులోనికి తెచ్చుచున్నాడు. కావున ఏలుబడి యిచ్చుటయు, ఆ ఏలుబడిని గూర్చి లెక్క అడుగుటయు ఒకే దేవుడు చేయుచున్నాడు. ద్వీపమును పాడుచేసినవాడు ఆదికాండము 1వ అధ్యాయమునకు లోబడినవాడు కాడు. యెహెజ్కేలు 34వ అధ్యాయమున దోషిగా నిలిచినవాడు.

ఆదికాండము 2:15 ఈ యేలుబడికి అర్థము చెప్పుచున్నది. ఆదామునకు తోటలో రెండు పనులు నియమింపబడెను. మొదటిది ‘ఆబద్’, నేలను దున్నుటకును, దేవుని సేవించుటకును హెబ్రీయులు వాడిన మాట ఇదే. రెండవది ‘షామర్’, అనగా కాచుట. అహరోను యాజకుడు ప్రజలను దీవించునప్పుడు ప్రభువు కాపుదలను కోరిన మాటయు ఇదే (సంఖ్యా. 6:24). నిద్రపోని దేవుని గూర్చి 121వ కీర్తన పదే పదే పలుకు మాటయు ఇదే. దేవుడు తన ప్రజలకు ఏమి చేయుచున్నాడో, మనుష్యుడు తోటకు అదియే చేయవలెను.

3. సహోదరునికి కావలి

లేఖనములో ‘షామర్’ అను మాట ఆదాము తరువాత అతని కుమారుని నోట వినబడును. హేబెలు ఎక్కడనున్నాడని దేవుడు అడిగినప్పుడు, సహోదరుని కాచు పని తనది కాదన్నట్లు కయీను బదులు పలికెను (ఆది. 4:9). తోటను కాచుటకు పంపబడినవాని కొడుకు సహోదరుని కాయనొల్లకపోయెను. వెంటనే సహోదరుని రక్తము నేలలోనుండి మొఱ్ఱపెట్టిన సంగతి వ్రాయబడినది. నేలకు చేసిన ద్రోహమును సహోదరునికి చేసిన ద్రోహమును లేఖనము విడదీయలేదు. మారిషస్ చరిత్రయు విడదీయదు.

అక్కడ అడవిని నరికినవారు మొదట మడగాస్కరునుండియు, ఆఫ్రికా తూర్పు తీరమునుండియు బలవంతముగా తేబడిన బానిసలు. 1835లో బానిసత్వము రద్దుచేయబడెను. దానికి ముందటి సంవత్సరమే, 1834లో, చెరకు తోటల యజమానులకొరకు భారతదేశమునుండి ఒప్పందపు కూలీలను దింపుట ప్రారంభమాయెను. తరువాతి దశాబ్దములలో సుమారు నాలుగున్నర లక్షలమంది పోర్ట్ లూయీ రేవున దిగిరి. నేడు ఆప్రవాసీ ఘాట్ అని పిలువబడు ఆ రేవుమెట్లు 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను. కోరంగి రేవునుండి ఓడలెక్కినందున తెలుగువారికి అక్కడ ‘కోరంగివారు’ అని పేరు వచ్చెను.

అగ్నిపర్వతము విడిచిన నల్లరాళ్లతో ఆ పొలములు నిండియుండెను. కూలీలు వాటిని చేతులతో ఏరి కుప్పలు వేయగా గాని చెరకు నాటుటకు నేల దొరకలేదు. ఆ రాళ్ల గుట్టలు నేటికిని చెరకు పొలముల నడుమ కనబడుచున్నవి. ఒక దినము పనికి రానివానికి రెండు దినముల కూలి కోయు పద్ధతి అప్పుడు నడచెను. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అను ఐరోపీయుడు, తానును భూస్వాములలో ఒకడైయుండియు, వేలమంది కూలీల పక్షమున మనవి వ్రాయించెను. అందువలన అతడు తనవారి ద్వేషమునకు గురియాయెను. మరుసటి యేట రాణి పక్షమున విచారణ సంఘము నియమింపబడెను. సహోదరుని కాచువాడు ఒక్కడు లేచినను అది వ్యర్థము కాదు.

అడవి పోయినందుకు ఆ కూలీలను నిందించుట న్యాయము కాదు. వారికి భూమి లేదు, ఎంపికయు లేదు. వారు తమ భాషను మాత్రము కాచుకొనిరి. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లోనే జరిగెను. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినము. తమ్మును ఎవరును కాయని చోట వారు తమకప్పగింపబడినదానిని కాచిరి.

4. నాలుగు పక్షులు

మారిషస్‌కు స్వంతమైన చిన్న డేగ యొకటి కలదు. అది చెట్ల నడుమ వడిగా మెలికలు తిరుగుచు పచ్చని బల్లులను పట్టుకొనును. చెట్ల తొర్రలలోను, ఎత్తయిన రాతిచరియల రంధ్రములలోను గ్రుడ్లు పెట్టును. అడవి తరిగెను; కోతులు, ముంగిసలు, పిల్లులు, ఎలుకలు గూళ్లను దోచెను. పైగా 1940ల చివరినుండి డి.డి.టి. చల్లబడెను. ఆ మందు చల్లినవారు దుర్మార్గులు కారు. 19వ శతాబ్దములో మలేరియా ఆ ద్వీపమున వేలమందిని పొట్టనబెట్టుకొనెను. దోమను చంపి మనుష్యుని బ్రతికించుట వారి యుద్దేశము. కాని ఆ విషము పురుగునుండి బల్లికి, బల్లినుండి డేగకు చేరి దాని గ్రుడ్డు పెంకును పలుచన చేసెను. 1974 నాటికి అడవిలో లెక్కకు వచ్చినవి నాలుగు పక్షులు మాత్రమే. వాటిలో గ్రుడ్లు పెట్టు ఆడపక్షి ఒక్కటే.

అది డోడో దారినే పోవునని అనేకులు ఆశ వదలుకొనిరి. 1979లో కార్ల్ జోన్స్ అను వేల్స్ దేశపు యువకుడు ఆ పని చేపట్టెను. డేగ మొదట పెట్టిన గ్రుడ్లను గూటినుండి తీసినయెడల అది మరల గ్రుడ్లు పెట్టును. ఈ సంగతి ఎరిగి, మొదటి గ్రుడ్లను యంత్రపు వేడిమిలో పొదిగించిరి. పిల్లలను చేతితో మేపి పెంచిరి. పెరిగినవాటిని అడవిలో విడిచి, తమంతట తాము వేటాడువరకు ఆహారమందించిరి. గూటిపెట్టెలు అమర్చిరి. 1994 వరకు ఈలాగు విడువబడిన పక్షులు 333.

ఇక్కడ ద్వితీయోపదేశకాండములోని చిన్న ఆజ్ఞయొకటి జ్ఞాపకము వచ్చును. త్రోవలో పక్షిగూడు కనబడినయెడల తల్లిని పిల్లలతో కూడ పట్టుకొనరాదు. పిల్లలనైనను గ్రుడ్లనైనను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెను (22:6, 7). యూదా బోధకులు దీనిని ఆజ్ఞలలో అతి తేలికయైన దానిగా ఎంచిరి. అయినను దీనికి చేర్చబడిన వాగ్దానము గొప్పది. మేలు కలుగుట, దీర్ఘాయువు కలుగుట అను ఈ దీవెనయే తలిదండ్రులను సన్మానించు ఆజ్ఞకును చేర్చబడినది (ద్వితీ. 5:16). ఆకలిగొన్నవాడు గ్రుడ్డు తినుటను దేవుడు నిషేధింపలేదు. రేపటి గ్రుడ్డు రాకుండ చేయుటను నిషేధించెను. వాడుకొనుము గాని మూలమును తెంపకుము అనుటయే దాని సారము. బ్లాక్ రివర్ లోయలలో గ్రుడ్లు తీసి తల్లిని విడిచినవారు ఆ యాజ్ఞను ఆచరణలో పెట్టినట్లే ఆయెను. వారు తీసినది తినుటకు కాదు, తిరిగి యిచ్చుటకు.

గులాబి రంగు పావురములు 1990 ప్రాంతమున అడవిలో సుమారు పది మిగిలెను. నేడు వందలలో ఉన్నవి. మన రామచిలుకకు దగ్గరి బంధువైన ఎకో చిలుకలును ఒకప్పుడు పది పండ్రెండుకు దిగెను. అవియు వందలకు పెరిగెను. 1984లో స్థాపింపబడిన మారిషస్ వన్యప్రాణి సంస్థ, ప్రభుత్వ శాఖలు, విదేశ సహాయకులు కలిసి చేసిన పని యిది. ఆ దేశపు రాజచిహ్నముపై నేటికిని డోడో బొమ్మ కలదు. 2022లో జాతీయ పక్షిగా ప్రకటింపబడినది మాత్రము బ్రతికియున్న ఆ డేగ.

అయినను కథ ఇంతటితో ముగియలేదు. డేగల సంఖ్య మరల తగ్గినందున 2014లో దానిని తిరిగి అపాయములోనున్న జాతులలో చేర్చిరి. కాచుట ఒక్క దినపు పని కాదు. కావలివాడు ఇంటికి పోయి పండుకొనినయెడల మునుపు కాచినదియు పోవును.

రెండు కాసులకు అయిదు పిచ్చుకలు అమ్మబడుటను గూర్చి ప్రభువు చెప్పెను (లూకా 12:6). మత్తయి సువార్తలో ఒక కాసుకు రెండు. కావున ఆ లెక్కలో అయిదవది కొసరు. దానికి వెల లేదు. వెలలేని ఆ యయిదవ పిచ్చుకను దేవుడు మరువడని ప్రభువు సెలవిచ్చెను. నాలుగు డేగలను లెక్కపెట్టుటకు కొండలెక్కినవారు, తాము ఎరిగినను ఎరుగకపోయినను, దేవుడు లెక్కించు రీతిని నేర్చుకొనిరి.

5. పేరు ఎరుగుట

కాచుటకు మొదట ఎరుగవలెను. ఆదాము జీవులకు పేళ్లు పెట్టిన తరువాత గాని వాటి మధ్య తన స్థానము అతనికి తెలియలేదు (ఆది. 2:19, 20). రోడ్రిగ్స్ ద్వీపమున 1980 ప్రాంతమున ఒక ఉపాధ్యాయుడు ఆ ద్వీపపు అరుదైన మొక్కలను గూర్చి పిల్లలకు బోధించుచుండెను. ఆ పిల్లలలో ఒక బాలుడు ఒక కొమ్మను తెచ్చెను. అది కాఫీ కుటుంబమునకు చెందిన, నశించినదని అందరు తలంచిన కఫే మరోన్ అను మొక్క. ద్వీపమంతటికి అది ఒక్కటే మిగిలియుండెను. మందుకని జనులు దాని కొమ్మలు విరువసాగినందున చుట్టు కంచెలు వేయవలసివచ్చెను. 1986లో దాని రెమ్మలు లండనులోని క్యూ తోటకు పంపబడెను. ఎన్నో ఏండ్లు పూచియు కాయని ఆ మొక్కనుండి 2003లో విత్తనములు లభించెను. దాని సంతతి రోడ్రిగ్స్‌కు తిరిగి చేరెను. శాస్త్రజ్ఞులు కానలేనిది ఒక బాలుడు కనుగొనెను, ఏలయనగా ఎవరో ఒకరు అతనికి చూచుట నేర్పిరి. ఆదివారపు బడి ఉపాధ్యాయులకు ఇందులో పాఠమున్నది.

అన్ని కథలు ఇట్లు ముగియవు. మారిషస్‌లోని క్యూర్‌పిప్ తోటలో ఒక తాళజాతి చెట్టు కలదు. ఆ జాతిలో లోకమంతటికి అది ఒక్కటే. అది పూచును; కాని దాని మగపూలు ఆడపూలు వేరు వేరు సమయములలో విచ్చుకొనుటవలన విత్తనము కట్టదు. ప్రాణమున్నది గాని తోడు లేదు. సృష్టి మూల్గుచున్నదని పౌలు చెప్పినది (రోమా. 8:22) అలంకారము మాత్రమే కాదు.

ఇక్కడ బోధకులకు ఒక హెచ్చరిక అవసరము. డోడో కడుపులోగుండ పోయిన గాని తాంబలకోక్ అను చెట్టు విత్తనము మొలవదని 1977లో ఒక శాస్త్రజ్ఞుడు ఊహించెను. అది ఎన్నో ప్రసంగములలో ఉపమానముగా చెప్పబడినది. కాని ఆ విత్తనములు డోడో లేకున్నను మొలకెత్తునని తరువాతి పరిశోధకులు చూపిరి. సృష్టిని గూర్చిన సత్యమునకు మన అలంకారములు అక్కరలేదు. దేవుని పక్షమున మాటలాడువాడు సరిచూడని కథను వాడరాదు.

6. చెరకాకుల కట్టలు

2020 జులై 25న వకాషియో అను పెద్ద ఓడ మారిషస్ ఆగ్నేయ తీరమున పగడపు దిబ్బకెక్కెను. ఆగస్టు 6న అది పగిలి, సుమారు వెయ్యి టన్నుల నూనె సముద్రములోనికి కారెను. దాని ముందరనే ఈల్ ఓ జెగ్రెత్ అను చిన్న దీవి యున్నది. నశించిన తాబేళ్లకు బదులు అల్దాబ్రా దీవులనుండి వచ్చిన మహా తాబేళ్లు ఆ దీవిలో విడువబడి, ఎబొనీ పండ్లు తిని మరల విత్తనములు విత్తుచుండెను. అరుదైన మొక్కలను, పక్షులను అక్కడినుండి తొందరగా తరలింపవలసివచ్చెను.

అప్పుడు జనులు ఎవరి ఆజ్ఞకొరకును కనిపెట్టలేదు. వేలమంది తీరమునకు వచ్చి, బట్టసంచులలో ఎండిన చెరకాకు కూరి, పొడవైన కట్టలుగా కుట్టి, నూనెను ఆపుటకు నీటిలో వేసిరి. ఆ చెరకు కొరకే వారి తాతలు కొనిపోబడిరి. ఆ చెరకు కొరకే అడవి నరకబడెను. అదే చెరకాకు ఆ దినమున నేలకును నీటికిని కావలిగా నిలిచెను. దాస్యమునకు గురుతైనది కాపుదలకు సాధనమాయెను.

7. కాచినవాడు

ఆదాము తోటను కాయవలసినవాడు. అతడు పడిపోయిన తరువాత ‘షామర్’ అను ఆ పని కెరూబులకు అప్పగింపబడెను; జీవవృక్షపు మార్గమును మనుష్యునినుండియే కాయవలసివచ్చెను (ఆది. 3:24). కావలివాడే కావలికి కారణమాయెను. ఆదికాండములోని ఆ రెండు చోట్లను గ్రీకు అనువాదకులు ‘ఫులాస్సో’ అను క్రియను వాడిరి. యోహాను 17:12లో ఆ క్రియ మరల కనబడును. తండ్రి తనకప్పగించినవారిని తాను కాచితినని, నాశనపుత్రుడు తప్ప వారిలో ఎవడును నశింపలేదని కుమారుడు తండ్రికి లెక్క చెప్పుచున్నాడు. మొదటి ఆదాము చేయని పనిని కడపటి ఆదాము సిలువకు ముందటి రాత్రి ముగించి చూపెను.

కావున క్రైస్తవుడు భయముచేత కాదు, కాయబడినవాడు గనుక కాచును. డోడోను తిరిగి తెచ్చుట అతనివలన కాదు. సమస్తమును సమాధానపరచుట క్రీస్తుదే (కొలొ. 1:20). అయితే తన కాలములో తన చేతికప్పగింపబడినది నశింపకుండ చూచుట అతని లెక్క.

ఈ లెక్క ద్వీపవాసులది మాత్రమే కాదు. మన దేశమున 1990లలో రాబందులు నూటికి తొంబదికంటె ఎక్కువగా నశించెను. పశువులకిచ్చిన డైక్లోఫినాక్ అను నొప్పిమందు కళేబరములద్వారా వాటిని చంపుచున్నదని 2004లో తేలెను. 2006లో పశువైద్యమున దానిని నిషేధించిరి. డేగకు డి.డి.టి. ఎట్లో రాబందుకు ఆ మందు అట్లే ఆయెను. మేలుకొరకు చేసినదానివలనను కీడు కలుగవచ్చును గనుక కావలివాడు చేసినదానిని మరల చూచుకొనవలెను. తెలుగు కూలీలు ఓడలెక్కిన కోరంగి రేవు 1839 నాటి తుపానులో పాడైపోయెను. అక్కడి మడ అడవులు 1978లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడెను. మనుష్యులు పోయిన తీరము పక్షులకు ఆశ్రయమాయెను.

ఉద్యోగరీత్యా మస్తూరీలోనో, బిలాస్‌పూరులోనో, మరియే దూరపు ఊరనో కాపురముండు తెలుగు విశ్వాసికి ఆ నేల తనది కాదన్నట్లు తోచవచ్చును. బదిలీ వచ్చినప్పుడు విడిచిపోవు ఊరి చెరువు ఎండిననేమి, చెట్టు కూలిననేమి అనిపించును. కాని బబులోనులోని చెరవారికి యిర్మీయా వ్రాసిన ఉత్తరము (29:5–7) వేరుగా బోధించుచున్నది. ఉన్న ఊరి క్షేమమే వారి క్షేమము. తోటయు ఆదాముది కాదు. అతడును దానిలో ఉంచబడినవాడే. క్వార్టరు వెనుక నాటిన చెట్టు నీడలో మరియొకరి పిల్లలు ఆడుకొందురు. తెందు ఆకు కోయువాడు మోడును మిగిల్చినయెడల మరుసటి వేసవికి చిగురు వచ్చును. ఆ ఆకు కోయు స్త్రీకి ముట్టవలసిన కూలి ముట్టినదా అని అడుగుటయు ఆ చెట్టును కాచుటలోని భాగమే. హేబెలు ఎక్కడ అను ప్రశ్నకును, తోట యెక్కడ అను ప్రశ్నకును జవాబు చెప్పవలసినవాడు ఒక్కడే.

ఆలోచించుటకు, చర్చించుటకు

1. ఆదికాండము 1:28ని యెహెజ్కేలు 34:4తోను, 72వ కీర్తనతోను కలిపి చదివినప్పుడు ఏలుబడి యను మాటకు ఏ అర్థము తేలుచున్నది?

2. ద్వితీయోపదేశకాండము 22:6, 7లోని ఆజ్ఞ మన ఊరి చెరువు, అడవి, సముద్రము విషయములలో ఎట్లు వర్తించును?

3. నేలను కాచుటయు సహోదరుని కాచుటయు వేరు చేయరానివని మీ ప్రాంతపు ఏ అనుభవము చూపుచున్నది?

4. మీ యింటి చుట్టునున్న పక్షులలో, చెట్లలో ఎన్నింటి పేళ్లు మీ పిల్లలకు తెలియును? ఈ నెలలో వారికి ఏ మూడింటిని చూపుదురు?

ప్రార్థన

ద్వీపములను నీళ్లలోనుండి లేపిన దేవా, వెలలేని పిచ్చుకను మరువని తండ్రీ, నీవు మాకప్పగించినవాటిని మేము కాయలేదని ఒప్పుకొనుచున్నాము. పోయినవాటిని గూర్చి మాకు దుఃఖమును, మిగిలినవాటిని గూర్చి మెలకువను దయచేయుము. మా పొరుగువాని కూలిని, మా ఊరి చెట్టును ఒకే మనస్సుతో కాచుటకు మాకు నేర్పుము. మమ్మును కాచిన నీ కుమారుని నామమున వేడుకొనుచున్నాము. ఆమెన్.